అడవి విన్న మూలుగు

ఆ ఆదివారం పొద్దున వజీర్ దగ్గరున్న సరుకు ఇంతే: కెమెరాలో మిగిలిన ఆరు ఫొటోలు, ఖాళీ ఫిల్ము డబ్బీలో దాచిన ఒక నొప్పి మాత్ర, పక్కన నడుస్తున్న భార్య అమీనా పెట్టిన షరతు.

"ఇంకోసారి చెబుతున్నా," అంది అమీనా, కొండబాటలో తడి ఆకుల మీద ఆచితూచి అడుగేస్తూ. "మీ నడుం నొప్పి పోయిందో లేదో ఇవాళ నా కళ్ళతో చూస్తా. పోయుంటే కెమెరా మీది. లేదంటే ఈ మధ్యాహ్నం మన వీధి ప్రణీల్‌కుమార్ వచ్చి దాన్ని కొనుక్కుపోతాడు. సోమవారం ఆపరేషన్‌కి డేట్ తీసుకుంటాం."

"పోయిందని చెప్పానుగా!"

"మీరు చెబితే నమ్మాలా? పురుగు పట్టిన కందిపప్పుని ఫ్రెష్ స్టాక్ అని నాకే అంటగట్టబోయిన మనిషి మీరు."

వజీర్ నవ్వాడు. నవ్వితే కూడా నడుం దగ్గర కలుక్కుమంది. నవ్వు చెదరకుండా చూసుకున్నాడు.

"ఈ డిసెంబర్ దాటి రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని మన షాపుకొచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఒకటే గోల," అంది అమీనా. "మీ నడుం అంతదాకా కూడా ఆగేట్టు లేదు."

గుంటూరు వదిలి ఈ పరాయి దేశం వచ్చి పెట్టుకున్న కిరాణా షాపులో బియ్యం బస్తా ఎత్తబోయినప్పుడు పట్టుకున్న నొప్పి అది. మళ్ళీ వదల్లేదు. రోజంతా దానిదే, కెమెరాకు కన్ను ఆనించిన కాసేపే వజీర్‌ది. ఆ కాసేపు కూడా చేజారితే మిగిలేది మంచం, పైన తెల్లటి సీలింగు. ఆపరేషన్ చేసినా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పలేదు. అందుకే ఇంట్లో, షాపులో పళ్ళు బిగబట్టడం నేర్చుకున్నాడు. ఇక్కడ ఆ అవసరం లేదు. చెట్లు వెళ్ళి అమీనాకు చెప్పవు. ప్రతి ఆదివారం ఇక్కడికొచ్చి, కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు, వారానికి సరిపడా మూలిగి ఇంటికి పోయేవాడు.

పొదల్లో ఎక్కడో టకటకా కెమెరా మోగింది. అమీనా ఆగింది.

"మనకంటే ముందే ఎవరో వచ్చినట్టున్నారే!"

"ఎవరూ లేరు. అదే మన లైర్‌బర్డ్. ఏది వింటే దాన్ని అలాగే కూస్తుంది. ఎవడో టూరిస్టు కెమెరాని పట్టేసింది."

"భలే దొంగే! మరి దాని ఫొటో ఒక్కటీ చూపించలేదే మీరు?"

"రెండు చలికాలాలుగా వస్తున్నా. గొంతు వినిపిస్తుంది గానీ మనిషి చప్పుడైతే బయటికి రాదు."

చిన్న మట్టిదిబ్బ ఎదురుగా ఆగారు. పక్షి ఆడే చోటు అదే. ఫొటో కావాలంటే నేల మీద మోకాళ్ళూని ఒంగాల్సిందే. అమీనా పక్కనున్న బండ మీద కూర్చుని, చేతులు కట్టుకుంది.

"ఊఁ, కానివ్వండి. చూస్తా."

వజీర్ అటు తిరిగి, ఫిల్ము వెతుక్కుంటున్నట్టు నటించి, మాత్రను నీళ్ళు లేకుండానే మింగాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నడుం నుంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టయింది. నాలుక కొరుక్కున్నాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. చప్పుడు మాత్రం రాలేదు.

"టీ పొయ్యనా?" అడిగింది అమీనా, మొహంలోకి చూస్తూ.

"వద్దులే, తర్వాత." గొంతు వణకలేదు.

చాలాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత కట్టుకున్న చేతులు విప్పేసింది.

"నిజంగానే పోయిందన్నమాట! అల్లా దయ. నేను ఊరికే అనుమానపడ్డాను," అంది మెల్లగా. "ఇంటికెళ్ళగానే ప్రణీల్‌కుమార్‌ని రావద్దని చెప్పేస్తాలెండి."

వజీర్ కెమెరాకు కన్ను ఆనించాడు. నోరు తెరిస్తే ఏది బయటపడుతుందో అతనికే నమ్మకం లేదు.

ఆ నిశ్శబ్దంలోనే ఫెర్న్ ఆకులు కదిలాయి. కోడంత గోధుమరంగు పక్షి నింపాదిగా వచ్చి దిబ్బ ఎక్కింది. తోక విప్పి తల మీదుగా ముందుకు పరిచింది. వెండి దారాలతో నేసిన మేలిముసుగు కింద పక్షి మాయమైంది. వజీర్ మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆరూ అయ్యేదాకా నొక్కాడు. అంతసేపూ ఆ నడుం ఎవరిదో అన్నట్టుంది.

ఫొటోలు దక్కాయి. కెమెరా దక్కింది. ఆపరేషన్ తప్పింది. పోయింది ఒక మాత్ర. వజీర్ బతుకులో ఇంత లాభం తెచ్చిన బేరం ఇంకోటి లేదు.

అమీనా ఊపిరి బిగబట్టి చూస్తోంది. పక్షి పాట ఎత్తుకుంది. ముందు కూకబర్రా పిట్ట నవ్వులాంటి కూత. తర్వాత చిలకల గోల. ఆ వెంటనే టూరిస్టు కెమెరా టకటక. అన్నీ అయ్యాక, ఒక మగగొంతు, గుంటూరు యాసలో, బరువుగా దిగింది:

"యా అల్లా..."

అమీనా గిరుక్కున వజీర్ వైపు తిరిగింది. అతని పెదాలు బిగించే ఉన్నాయి.

పక్షి మళ్ళీ అంది. ఈసారి చివర్న ఒక వెక్కు కూడా కలిపింది.

అమీనా బండ మీద నుంచి లేచింది. కళ్ళు తుడుచుకుని దగ్గరికొచ్చింది. అతని మెడలోంచి కెమెరా పట్టీ తీసి తన భుజానికి తగిలించుకుంది.

"ఫిల్ము మీరుంచుకోండి," అని చెయ్యి అందించింది. "లేవండి."

అలికిడికి పక్షి పొదల్లోకి పారిపోయింది. వజీర్ ఆ చెయ్యి పట్టుకుని, పళ్ళు బిగించి, కిక్కురుమనకుండా లేచాడు.

పొదల్లోంచి అతని గొంతే, "అమ్మా!" అంది.