రెండు బ్యాటరీల ఇల్లు

ఊళ్లో కరెంటు తీగలు పీకేశాక ఏ ఇంటి ఎండ ఆ ఇంటిదే అయింది. పగలు మేడ మీది పలకలు పట్టిన ఎండను బ్యాటరీ దాచి, రాత్రంతా ఇంటికి కరెంటుగా అందిస్తుంది. ఒకే బ్యాటరీ ఉంటే ఒక కుటుంబం, రెండు పెట్టుకుంటే వేరుపడ్డట్టు లెక్క. హారికమ్మ అన్నదమ్ములు అలా రెండు పెట్టుకున్నాక పలకరింపులు కూడా మానేశారు.

అందుకే పాత బ్యాటరీలో చార్జి నిలవడం తగ్గిన నాటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. పెద్దకోడలు ఆద్య ఏసీకీ, చిన్నకోడలు హన్విక గ్రైండరుకూ రోజూ తగువే. చివరికి కొడుకులిద్దరూ తలలు వంచుకుని రెండు చిన్నవి కొన్నారు.

బిగించడానికి వచ్చినతను తీగలు లాగుతూ అడిగాడు. "మామ్మగారి గది దేనికి కలపమంటారు?"

హారికమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "నాకేటి బాబూ, ఒక ఫ్యానూ, చదువుకోడానికి ఒక లైటూ. లేకపోయినా..."

"మాకే కలపండి," అంది హన్విక. "ఫ్యానాగితే అత్తయ్యకి నిద్దరట్టదు."

"నీది నీ గ్రైండరుకే చాలదు, ఆవిడకేటి పెడతావ్? మాకే కలపండి," అంది ఆద్య.

"మీ ఏసీ తాగేసినాక మిగిలితే కదక్కా."

"ఏసీ కట్టేస్తాను. ఆవిడ లైటు ఆరనిస్తానేటి?"

తీగ పట్టుకున్నతను ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. కోడళ్లు గొంతు పెంచితే చాలు, మధ్యకు వెళ్లి సర్దిచెప్పడం హారికమ్మకు అలవాటు. ఈసారి మాత్రం ఆమె కదలకుండా కూర్చుని వింటూ ఉండిపోయింది.