యూదా ముఖం

"క్రీస్తుని పట్టిచ్చిన ఆ యూదా నేనే కదూ?" అన్నాడు సిక్స్‌టెన్.

స్వీడన్ తీరంలోని ఆ చర్చిలో, ఆరని 'కడరాత్రి భోజనం' తైలచిత్రం ముందు, కుంచె పట్టుకున్న తమ్ముడు ఎలోఫ్ బిగుసుకుపోయాడు. తండ్రి పడవ కోసం తగవుపడి, అన్నదమ్ములు ముఖాలు చూసుకోక ఏళ్లయింది.

"నువ్వే. పడవ కాజేశావుగా! ఆదివారం ఆదివారం ఊరంతా నిన్ను చూడాలనే వేశాను."

"మరి ఈ క్రీస్తెవరు? అద్దంలో చూసుకుని మురిసిపోతున్నట్టున్నాడు?"

ఎలోఫ్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే."

సిక్స్‌టెన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతలో బొమ్మ దగ్గరికి వంగి, "ఒరేయ్, నా కనుబొమ మీది ఈ గాటు, మంచుగుంటలో పడ్డ నిన్ను పైకి లాగినప్పటిది. నన్ను చూడకుండానే ఇదంతా ఎలా వేశావురా?" అన్నాడు.

"చూడాల్సిన పని పడలేదన్నా."

అనేశాక గానీ ఎలోఫ్‌కి తానేమన్నాడో తెలియలేదు. పగతో వేసిన ముఖమే ప్రాణంతో ఉంది. భక్తితో వేసిన తన ముఖం పెళ్లిచూపులకు ముస్తాబైనట్టుంది. అతనికీ నవ్వొచ్చింది. రంగులు కలిపే కత్తితో క్రీస్తు ముఖాన్ని గీకేశాడు.

"అయ్యో, దేవుణ్ణి గీకేశావేంట్రా!"

"దేవుణ్ణి కాదులే, నన్నే."

"మరి నన్ను గీకవేం?"

"చెయ్యి రావడం లేదన్నా. నిన్ను క్రీస్తు శిష్యుడు పేతురుగా మార్చేస్తాను. ఎలాగూ నువ్వూ ఆయనలాగే చేపలు పట్టేవాడివే!"