తలుపు చెప్పిన చట్టం

"ఈ వాటా నా పేరున ఉంది" అన్నదని చెల్లెలి మీద అలిగి, సుందరమ్మ సంచిలో చీరలు నెమ్మదిగా సర్దుతోంది. ఎప్పుడు అలిగినా భ్రమరాంబ "ఉండవే అక్కా" అంటూ సంచి లాక్కునేది. ఈసారి ఆ మాటకు ముందే తలుపు మాట్లాడింది. ఆ కాలానికి అద్దె ఇళ్ల తలుపులన్నిటికీ చట్టం వచ్చు.

"అమ్మా, ఒప్పందం ఎవరి పేరున ఉన్నా మీరూ ఇక్కడే ఉంటున్నారు. నోటీసు లేకుండా మిమ్మల్ని ఎవరూ వెళ్లగొట్టలేరు."

"నా మీద తలుపుకి చెప్పుకున్నావుటే?" అంది భ్రమరాంబ.

"నేనేం అడగలేదే! దానంతట అదే..."

"ఇంకేం, హక్కు నీదేగా. నువ్వే ఏలుకో."

భ్రమరాంబ చెప్పులు తొడుక్కుంది. వెళ్లే హక్కు ఆమెకుంది కనుక తలుపు తెరుచుకుంది. సుందరమ్మ లేచి గుమ్మం దాటేసరికి లిఫ్టు దిగిపోయింది.

భ్రమరాంబ మాఘమాసంలో ఒక శుక్రవారం ఉదయం వెళ్లింది. మళ్లీ రాలేదు.