మోడెంకి పెట్టిన బొట్టు

పొద్దున తొమ్మిదింటి నుంచి జ్యోతిర్మయి కంప్యూటర్‌లో ఆ బటన్ నొక్కుతూనే ఉంది. కనెక్ట్ కావడం లేదు. పాస్‌వర్డ్ తప్పంటోంది. పదిసార్లు కొట్టింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ఊహూఁ.

చిలకలూరిపేటకి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. గుంటూరులో ఓ కంపెనీకి ఆమె ఇంటి నుంచే పని చేస్తుంది. ఎక్కడి డాక్టర్లో చెప్పింది విని, టైపు చేసి పంపాలి. కంప్యూటర్ కంపెనీదే. దాన్నుంచి ఆఫీసు సర్వర్‌కి వీపీఎన్ అని ఒక చాటుదారి వేశారు. ఫైలు రావాలన్నా పోవాలన్నా అదొక్కటే. సాయంత్రం ఐదులోపు ఫైళ్లు అందకపోతే ఉద్యోగం ఊడినట్టే.

ఊడితే ఇంకేముంది? ఆ యేడు పత్తి వానలకి నల్లబడిపోయింది. మొగుడు కోటేష్ జిన్నింగు మిల్లులో మూటలు మోస్తున్నాడు, అదీ పిలిచిన రోజున. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈమె జీతంతోనే.

ఆఫీసుకి ఫోన్ చేసింది. రెండు గంటల్లో కంప్యూటర్లు చూసే జోసఫ్ బస్సు దిగాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఫోన్ చేస్తే ఇంత తొందరగా ఎవరొస్తారు చెప్పండి?

జోసఫ్ టీ వద్దన్నాడు. మజ్జిగా వద్దన్నాడు. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు. టెలిఫోన్ లైను చూశాడు. వీపీఎన్ తీసేసి కొత్తగా వేశాడు. మళ్లీ అదే మాట, పాస్‌వర్డ్ తప్పు. తలెత్తకుండా ఇంకో గంట కుస్తీ పట్టాడు. చివరికి ఇంటర్నెట్ వచ్చే డబ్బా, ఆ మోడెం తిరగేశాడు. కన్నాల్లో ఎర్రగా ఏదో ఉంది.

"ఇదేంటండీ?"

మొన్న దసరాకి అత్త వెంకటేశ్వరమ్మ కత్తి, కొడవలితో పాటు మోడెంకీ పసుపు రాసి కుంకుమ పెట్టింది.

"కూడు పెట్టేది అదేగా నాయనా. దానికి బొట్టు పెట్టకుండా ఎట్టా?" అంది ముసలావిడ.

జ్యోతిర్మయికి ఒళ్లు మండిపోయింది. ఏడేళ్లలో ఏనాడూ అత్తకి ఎదురు చెప్పని మనిషి, అనరాని మాటలన్నీ అనేసింది. నా నోటి దగ్గర కూడు మీరే లాగేశారంది. వెంకటేశ్వరమ్మ చెంపలేసుకుని, గోడకి చేరగిలబడి ఏడ్చింది.

జోసఫ్ తల దించుకుని కన్నాల్లో కుంకుమ గోటితో గీకుతున్నాడు.

"కుంకుమ వల్లేనాండీ?" అడిగింది జ్యోతిర్మయి.

"అదే అయ్యుంటుందండి. మోడెం పాడైతే అక్షరాలు దారిలోనే చెడిపోతాయి. అందుకే తప్పంటుంది."

కంప్యూటర్, మోడెం రెండూ గుంటూరు పట్టుకెళ్లి బాగుచేయించాలన్నాడు. వారం పడుతుందట. ఇవాల్టి ఫైళ్ల సంగతి ఆఫీసులో తను చెప్పుకుంటాడట. ఆ మాటకి ఆమె కళ్లు తుడుచుకుంది. పాత దుప్పట్లో కంప్యూటర్‌ని పదిలంగా చుట్టి, తనే బస్టాండు దాకా మోసుకొచ్చింది. వెనకే వచ్చిన వెంకటేశ్వరమ్మ బస్సు కిటికీ దగ్గర నిలబడి జోసఫ్‌కి రెండు చేతులూ జోడించింది.

"నా తప్పేలే నాయనా. కోడలి ఉద్యోగం నువ్వే ఎట్టాగన్నా నిలబెట్టాలి."

తల ఊపాడు. బస్సు కదిలింది.

ఆ పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి, ఉద్యోగంలోంచి తీసేసేవాళ్లని మేనేజరు ఇచ్చిన జాబితా చూసుకుంటూ, సర్వర్‌లోంచి జ్యోతిర్మయి పేరు తీసేసింది జోసఫే.