ఓబలప్ప ఖాతా పుట్టిన రోజు

నాలుగు గంటలకు పోలీసు జీపు వస్తుంది. అంతలోపల రక్షిత ఒక తేదీ తేల్చాలి.

వేమగల్‌లోని ఆ ఫ్యాక్టరీలో రేకులు నొక్కే మూడో నంబరు ప్రెస్సు కింద నలిగి కార్మికుడు మారప్ప చనిపోయి పన్నెండు రోజులయింది. మనిషి లోపలికి వంగితే ప్రెస్సు దిగకుండా ఆపే సెన్సార్ ఒకటి ఉంటుంది. దాన్ని ఆ మధ్యాహ్నం ఎవరో సర్వర్ నుంచి ఆఫ్ చేశారు. రికార్డులో ఆ పని ఓబలప్ప పేరున్న యూజర్ ఖాతా మీద పడి ఉంది.

ఓబలప్ప ఆ షిఫ్టు సూపర్‌వైజర్. తండ్రి కేజీఎఫ్ గనుల్లో పనిచేసినవాడు. అరవైకి దగ్గరపడ్డ ఆ మనిషి పొద్దుటి నుంచి సర్వర్ గది బయట స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. తనకు ఖాతానే లేదంటాడు.

“పచ్చ బటన్, ఎర్ర బటన్, అంతేమ్మా నాకు తెలిసింది. ఆ కీబోర్డు నేను ముట్టిందే లేదు.”

రక్షిత బెంగళూరు నుంచి వచ్చిన ఆడిటర్. ఇలాంటి మాటలు ఆమె చాలా విన్నది. ఖాతా ప్రమాదం తరువాత పుట్టి ఉంటే ఎవరో ఆయన పేరు వాడుకున్నట్టు. ముందే ఉంటే, ఆయన పని అయిపోయినట్టే.

సర్వర్ గది చల్లగా ఉంది. సర్వర్ పెట్టెకు పాత కుంకుమ బొట్టు, పైన ఎండిపోయిన చామంతి దండ. గోడ అవతల ప్రెస్సు మళ్లీ నడుస్తోంది. అది దిగినప్పుడల్లా కాళ్ల కింద నేల అదురుతోంది. మారప్ప చెప్పులు ఇంకా ఆ షెడ్డు గుమ్మం దగ్గరే ఉన్నాయి. వాటిని దాటి వచ్చినప్పటి నుంచి రక్షితకు మనసు బాగాలేదు.

పక్కన సిస్టం అడ్మిన్ పురుషోత్తం కూర్చున్నాడు. మాలూరు కుర్రాడు, నెమ్మదస్తుడు. మోహన్ అనే పాత అడ్మిన్ మానేశాక నవంబరులో చేరాడు. ఖాతా తెరవాలన్నా, సర్వర్ గడియారం మార్చాలన్నా, అన్ని అధికారాలూ ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ కావాలి. ఇప్పుడు అది ఇతని దగ్గరే ఉంది.

ఆ సర్వర్‌ను నడిపే యూనిక్స్‌కు ఒక పాడు అలవాటు. ఎవరి ఖాతా ఎప్పుడు పుట్టిందో ఎక్కడా రాసి పెట్టుకోదు. మన రేషన్ కార్డే నయం. రోజూ జరిగింది నమోదయ్యే పాత లాగ్‌లు చూద్దామంటే మూడు నెలలకోసారి చెరిపేస్తారట. ఇక మిగిలింది ఒక్కటే, ఖాతాతో పాటు పుట్టే హోమ్ ఫోల్డర్ మీద సర్వర్ గడియారం చూసి పడే తేదీ.

నలభై ఒక్క ఖాతాలూ వరసగా చూసింది. ఉద్యోగం మానేసినవాళ్లవి మూడు ఇంకా తెరిచే ఉన్నాయి. వాటిని గుర్తు పెట్టుకుని చివరికి ఓబలప్ప ఖాతాకు వచ్చింది.

పోయిన సంవత్సరం అక్టోబరు పదకొండు. ఉదయం పది నలభై.

ప్రమాదానికి మూడు నెలల ముందు.

పురుషోత్తం తెర వైపు చూసి నిట్టూర్చాడు. తాను చేరకముందుదని, మోహన్ తెరిచి ఇచ్చి ఉంటాడని అన్నాడు. మోహన్ ఫోన్ పనిచేయడం లేదని కూడా చెప్పాడు.

“మంచోడే మేడమ్. పని తొందరలో తెలీక ఆఫ్ చేసినాడేమో. ఇంగ మీరేం చేస్తారు, ఉండేది రాసేయండి.”

ఆ జాలి రక్షితకు నచ్చింది. అతను బయటికి వెళ్లి ఓబలప్పకు కూడా టీ ఇచ్చి వచ్చాడు. ముసలాయన గ్లాసు పుచ్చుకున్నాడు గాని తాగలేదు.

మూడు ముప్పావుకు రిపోర్టు ప్రింట్ అయింది. ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లు కూడా సంతకం పెట్టాలన్నది ఆడిట్ నియమం. ఓబలప్పను లోపలికి పిలిచింది. ఆయన చెప్పులు విడిచి వచ్చాడు. గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు వినిపించింది. పురుషోత్తం పెన్ను మూత తీసి మర్యాదగా అందించాడు.

“ఏమి తేదీ ఉండాదమ్మా దాంట్లో?”

రక్షిత చదివి చెప్పింది.

ఓబలప్ప పెన్ను పట్టుకునే కాసేపు సర్వర్ పెట్టె వైపు చూశాడు. మరోసారి చెప్పమన్నాడు. ఆమె చెప్పింది.

“ఆ పొద్దు ఆయుధపూజ గదమ్మా, తెల్లారే మోహన్‌తో ఈ పెట్టెను ఆఫ్ చేయించి ఆ బొట్టు పెట్టి దండ ఏసింది నేనే, మల్లా సోమవారం దాకా దీన్ని ఎవురూ ఆన్ చేసిందే లేదు.”