వెడల్పు ట్యాంకు

తలనిండా సబ్బు నురగతో భార్య గదిలోకి వచ్చేసరికి, ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరరుగారు ఎర్ర పెన్నుతో ఒక పరీక్ష పేపరు మీద సున్నా చుడుతున్నారు.

"షవరు మళ్ళీ చుక్కలు చుక్కలుగా వస్తోందండీ. ఎవరికా సున్నా?"

"ట్యాంకు వెడల్పయితే అడుగున నీటి ఒత్తిడి పెరుగుతుందని రాసిందీ పిల్ల. నీళ్ళ ఎత్తు పెరగాలి గానీ, వెడల్పుతో ఏం పని? చెప్పి చెప్పి నా గొంతు పోయింది."

ఆవిడ కంట్లోకి జారుతున్న నురగ తుడుచుకుంది.

"మరి షవరు ధార పెరుగుతుందని మన డాబా మీద అంత వెడల్పు ట్యాంకు పెట్టించింది కూడా ఆ పిల్లేనా?"

లెక్చరరుగారు పెన్నుకి మూత పెట్టేశారు.

"బకెట్‌తో నీళ్ళు తెస్తానుండు. ప్లంబరుకి మాత్రం నువ్వే ఫోను చెయ్యి."

"నేనెందుకు?"

"ట్యాంకు ఎత్తులో పెడదామని అతను ఆ రోజే మొత్తుకున్నాడు. నేనే క్లాసు పీకి పంపించాను."