వంటింట్లోంచి వచ్చిన గొంతు

ఊరూరా మ్యూజియాల్లో మాట్లాడే కుర్చీలొచ్చాక, పోయినవాళ్ళని పలకరించడం జనానికి మామూలైపోయింది. ఎదురుగా కూర్చుని ఏదడిగినా, ఆ మనిషి బతికుండగా ఇచ్చిన ఇంటర్వ్యూలోంచి, ఆ గొంతుతోనే జవాబొస్తుంది. గోదావరి లంకలోని మ్యూజియంలో ఆ కుర్చీలు సిద్ధం చేసేది సుభాషిణి.

రేపు ధనరాజు కుర్చీకి ప్రారంభం. "వరదలో పడవేసుకెళ్ళి నలభై మందిని ఒడ్డుకు చేర్చాను," అంటోంది కుర్చీ, గంభీరంగా. వెనక చిన్న అలికిడైనా లేదు. సుభాషిణికి అక్కడే అనుమానమొచ్చింది. కాపురమున్న ఇంట్లో తీసిన ఇంటర్వ్యూ ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉంటుంది?

చప్పుళ్ళు తీసేసే మిషనులో వెయ్యకముందున్న అసలు రికార్డింగు తీసి, ఆఖరిదాకా వింది. గిన్నెల చప్పుడు మధ్య, వంటింట్లోంచి ధనరాజు భార్య నూకరత్నం అంటోంది: "నువ్వు కొబ్బరిచెట్టెక్కి కూర్చున్నావు. పడవ నడిపింది నేను. నిన్ను దింపింది కూడా నేనే."

సుభాషిణి ఆ ముక్కంతా తిరిగి కుర్చీలో పెట్టేసింది. డైరెక్టర్ భుజంగరావు నొసలు చిట్లించాడు.

"అది చప్పుడని మిషనే తీసేసిందమ్మా. అయినా ఆవిడ ఇంటర్వ్యూ ఇవ్వలేదుగా?"

"ఇచ్చిందండీ. అడిగినవాళ్ళే లేరు."

మర్నాడు చేపలమ్మే ఒకావిడ అందరికన్నా ముందొచ్చి కుర్చీకెదురుగా కూర్చుంది. "వరదప్పుడు ఏం చేశావు బాబాయ్?"

కుర్చీ నలభై మంది సంగతి చెప్పింది. వంటింట్లోంచి నూకరత్నం అందుకుంది. ఆ తర్వాత, మిషను దాంతోపాటే కోసేసిన ధనరాజు మాట ఇన్నేళ్ళకి బయటికొచ్చింది.

"అవునే. నలభై కాదు, నలభై ఒక్కరు. నన్ను లెక్కెయ్యడం మర్చిపోయాను."